స్టిక్కర్ల కింద ఏనుగు

చోడవరంలో న్యాయం కోసం ప్రాణమిచ్చే మనిషి ఒకడున్నాడు. ఆ సంగతి అతను స్వయంగా చెప్తే తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు గనక తరచుగా చెప్తుండేవాడు. పేరు ఉదయ్‌కుమార్. బస్సుల కాంప్లెక్సు దాటాక ఉన్న ఫ్లెక్సీల షాపు అతనిదే. పుట్టినరోజు జరుపుకునే నాయకులు, పెద్దమనిషైన ఆడపిల్లలు, పెద్దకర్మకు నోచుకున్న పెద్దలు, అందరి మొహాలూ అతని కంప్యూటర్లో రెండు ఛాయలు తెల్లబడి బయటకొచ్చేవి. పన్నెండేళ్లుగా ఇన్ని మొహాలు వీధికెక్కించినా, అతని పేరు మాత్రం ప్రతి ఫ్లెక్సీకీ కింద మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. గాలికి ముందు చిరిగేది కూడా ఆ మూలే.

అందుకని అతనొక ఆట కనిపెట్టాడు. పేరు మాయాదండు. నూట ఇరవై కార్డులు, అన్నీ సొంతంగా బొమ్మలేసి, ప్రింటు తీసి, లామినేషన్ చేసినవే. ఒక్కో కార్డు మీద ఒక జంతువో, మంత్రగాడో, భూతమో ఉంటుంది. ఒక మూల దాని బలం, రెండో మూల దాన్ని బల్ల మీదకు దింపాలంటే ఎన్ని బెల్లం దిమ్మలు చెల్లించాలో రాసి ఉంటుంది. దిమ్మలంటే చింతపిక్కలే. వంతుకొక పిక్క వస్తుంది. ఆడే నలుగురూ ఒకే కట్టలోంచి కార్డులు తీసి, ఒకరి కోట మీదకు ఒకరు దండు పంపుతారు. దెబ్బలాటలో ఓడిన కార్డు వల్లకాటికి పోతుంది, అంటే పక్కనున్న స్టీలు పళ్లెంలోకి. చివరికి ఎవరి కోట నిలిస్తే వాళ్లు గెలిచినట్టు.

అతనితో ఆడే మిగతా ముగ్గురూ అతని పదో తరగతి బ్యాచివాళ్లే. సంధ్యారాణి ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఫెలిక్స్ బోరు మోటార్లకు వైండింగు చేస్తాడు. పరదేశి రావికమతం వైపు చెరుకు వేస్తాడు, ఆదివారం మధ్యాహ్నం బండి మీద వస్తాడు. నలుగురూ షాపు వెనక గదిలో ఫ్యాను కింద బల్ల వేసుకుని కూర్చుంటే, ఉదయ్ తల్లి అచ్చియ్యమ్మ టీలు అందించేది.

ఆట బాగుండేది. బాగోనిదల్లా ఒక్కటే, కనిపెట్టినవాడు ఓడిపోతుండేవాడు. ఉదయ్‌కి చేతిలో పిక్క పడితే ఆగదు. వచ్చిన వంతులోనే ఏ కప్పనో, ఏ తొండనో దింపి ఖర్చు పెట్టేస్తాడు. సంధ్యారాణి నాలుగు వంతులు నోరు మూసుకుని పిక్కలు కూడబెట్టి, ఐదో వంతులో ఏనుగును దింపి అతని కోట నేలమట్టం చేసేది. ఏడు బలం ఏనుగు అది.

ఇక్కడే మనవాడి న్యాయబుద్ధి మేలుకుంది. ఆటలో ఏ కార్డైనా మరీ బలంగా ఉంటే ఆట పాడవుతుంది, దాన్ని తగ్గించి బేలన్సు చెయ్యాలి అని అతను ఫోన్లో ఎక్కడో విన్నాడు. మాట నిజమే. అతని చేతిలో దాని అమలు మాత్రం ఎలా ఉండేదంటే, ఆదివారం అతన్ని ఏ కార్డు ఓడించిందో సోమవారానికి ఆ కార్డుకు జబ్బు చేసేది. చిన్న స్టిక్కరు మీద కొత్త అంకె వేసి పాత అంకె మీద అంటించేవాడు. ఏనుగు ఏడు నుంచి ఆరుకు, ఆరు నుంచి ఐదుకు, అలా నాలుగు ఆదివారాల్లో మూడుకు చిక్కిపోయింది. పరదేశిని గెలిపించిన అడవిపంది మూడు స్టిక్కర్లు మోసింది. ఫెలిక్స్‌ని గెలిపించిన కొండచిలువ వానపాముకు పెద్దన్న స్థాయికి దిగింది.

"ఒరే, అందరం ఒకే కట్టలోంచి తీస్తన్నాం కదరా," అన్నాడు ఫెలిక్స్ ఒకసారి. "ఏనుగు రేపు నీకూ రావొచ్చు. దాన్ని సంపీసుకోడం దేనికి?"

"నాకెప్పుడొచ్చిందిరా?" అన్నాడు ఉదయ్.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని సంధ్యారాణి నోటిదాకా వచ్చింది గాని, టీ చల్లారిపోతుందని తాగేసింది. ఏడు నెలలు తిరిగేసరికి కార్డులన్నీ నీరసించాయి. బలమున్నది ఏదీ మిగల్లేదు గనక ఎవరి కోటా కూలేది కాదు. నలభై నిమిషాల ఆట మూడు గంటలు సాగేది. పరదేశి మధ్యలో ఒక కునుకు తీసి, లేచి, తన వంతు ఇంకా రాలేదని తెలుసుకుని మళ్లీ పడుకునేవాడు.

అలాంటి సమయంలో విశాఖపట్నం నుంచి ఫోనొచ్చింది. అక్కడ ఇలాంటి ఆటలు అమ్మి, ఆడించే షాపు నడిపే రోజా అనే ఆవిడ. ఉదయ్ పెట్టిన ఫోటోలు చూసిందట, బొమ్మలు నచ్చాయట. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం, స్నేహితులతో రైవాడ రిజర్వాయరు చూడ్డానికి దేవరాపల్లి వెళ్తూ చోడవరంలో ఆగుతానంది.

"ఆడి చూస్తాం ఉదయ్ గారూ. బాగుంటే మూడొందల పెట్టెలు అచ్చేయిస్తాను, పెట్టె మీద మీ పేరుతో. నేను చూసేది ఒక్కటే, ఎవరు గెలుస్తారో చివరిదాకా తెలియకూడదు. ఇంకో మాట, మీరు పక్కన కూర్చోవాలి. తయారుచేసినవాళ్లు బల్ల దగ్గరుంటే చెయ్యి ఊరుకోదు."

పెట్టె మీద పేరు. మూలన కాదు, పైన. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఉదయ్‌కి అన్నం సయించలేదు. తన జీవితంలో ఎవరి మొహమూ లేకుండా తన పేరు మాత్రమే ఉండే వస్తువు అదొక్కటే అవుతుంది. ఈ ఆవిడ కాదంటే ఇంకొకరు అడగరు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు, తెలిసి భయపడ్డాడు.

భయపడ్డ మనిషి ఏం చెయ్యాలి? ఆటను బాగుచెయ్యాలి. మనవాడు ఏం చేశాడంటే, కనీసం రోజా వచ్చేలోగా ఒక్క ఆటైనా తను గెలవాలనుకున్నాడు. కనిపెట్టినవాడికే గెలవడం రాని ఆటను ఎవరు కొంటారని అతని వాదన. ఆ రాత్రే ఒక కొత్త కార్డు చేశాడు. బొమ్మ గీసే పని కూడా లేదు, పోయిన జాతరకు వేసిన ఫ్లెక్సీ ఫైలు కంప్యూటర్లో పడి ఉంది. ఊరి చివర పారే గెడ్డ అవతల వెలసిన పోలమ్మ తల్లి, పెద్ద కళ్లు, పసుపు మొహం, చేతిలో కత్తి. బలం పది. వెల ఆరు దిమ్మలు. దిగగానే ఎదుటివాళ్ల దండంతా వల్లకాటికి పోవాలి. ఇంత బలమున్న కార్డు ఆటను పాడుచేస్తుంది కదా అన్న అనుమానం అతనికి ఆ రోజు ఎందుకో రాలేదు.

ఆదివారం అదృష్టం కొద్దీ ఆ కార్డు అతనికే పడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఐదు వంతులు పిక్క ఖర్చు పెట్టకుండా కూర్చున్నాడు. ఆరో వంతులో పోలమ్మను బల్ల మీద పెట్టాడు.

పరదేశి లేచి, బల్ల కింద ఉన్న చెప్పులు తీసి గది బయట పెట్టొచ్చాడు. వచ్చి తన అడవిపందిని వెనక్కి తీసేసుకున్నాడు.

"ఏటిరా, నీ వంతు కదా?" అన్నాడు ఉదయ్.

"అమ్మోరికి ఎదురుగా పందిని నిలబెట్టమంటావేటి? నా సెరుకు ఇంకా పొలంలో ఉందిరా. నానాడను. నువ్వే గెల్సుకో."

ఉదయ్ గెలిచాడు. ఏడు నెలల్లో మొదటి గెలుపు. మీసం లేదు గాని ఉంటే మెలేసేవాడే.

రెండో ఆటలో పోలమ్మ సంధ్యారాణికి పడింది. ఆవిడా ఆరు పిక్కలు కూడబెట్టి దింపింది. ఉదయ్ కోట ముందు దండంతా ఊడ్చుకుపోయింది. అయినా అతని చేతిలో పిడుగు కార్డుంది. ఏ కార్డునైనా సరే వల్లకాటికి పంపగల పిడుగు. వేస్తే గెలుస్తాడు.

పిడుగు సగం దూరం వెళ్లి ఆగింది. పక్కనున్న స్టీలు పళ్లెం వైపు చూశాడు. అందులో చచ్చిన కప్పలు, తొండలు, ఒక పిశాచం. దాని మీద పోలమ్మ తల్లిని పడుకోబెట్టాలి. గుమ్మంలో అచ్చియ్యమ్మ టీ పళ్లెంతో నిలబడి చూస్తోంది.

"ఫెలిక్సూ," అన్నాడు నెమ్మదిగా, "నా బదులు నువ్వు తీసి అందులో పెట్టరా. నీకైతే ఫర్వాలేదు కదా."

"ఒరే, నాను ప్రార్థనకెళ్లొచ్చీవోణ్ణే గానీ పిచ్చోణ్ణి కాదు," అన్నాడు ఫెలిక్స్. "మా పేటోళ్లంతా వర్షాకాలం ఆ గెడ్డ దాటే రావాలి. మా యమ్మ మణెమ్మకి తెలిస్తే ముందు నన్ను పంపుద్ది వల్లకాటికి."

పిడుగు తిరిగి చేతిలోకొచ్చింది. సంధ్యారాణి గెలిచింది. మూడో ఆటలో పోలమ్మ పరదేశికి పడింది, మిగతా ముగ్గురూ పిక్కలు డబ్బాలో పోసేశారు. ఎవరికి ఆ కార్డు వస్తే వాళ్లు గెలిచినట్టే, ఇక ఆడేదేముంది? చివరిదాకా తెలియకూడదని రోజా అడిగింది. ఇక్కడ కార్డు తీస్తుండగానే తెలిసిపోతోంది.

"తగ్గించీరా మరి, నీకలవాటే కదా," అంది సంధ్యారాణి. "పది మీద నాలుగని అంటించు."

"అమ్మోరి బలం నాలుగేటి?" అని అచ్చియ్యమ్మ గుమ్మంలోంచే అడిగింది. ఆ గొంతు విన్నాక స్టిక్కర్ల వైపు చెయ్యి వెళ్లలేదు.

"వెల పెంచుదాం," అన్నాడు ఫెలిక్స్.

"ఎన్ని దిమ్మలడిగితే అన్నీ ఇస్తాం. అమ్మోరికి బెల్లం పెట్టడానికి లెక్కేటి?" అన్నాడు పరదేశి, బేరమాడేవాళ్లను చూసి బాధపడుతూ.

"పోనీ తీసిపారేద్దాం" అని ఉదయ్ అనబోయి, పారేద్దాం అన్న మాట మింగేశాడు. ఎక్కడ పారేస్తాడు? ఫ్లెక్సీ ముక్కల బస్తాలోనా?

ఈ చర్చంతా విన్న అచ్చియ్యమ్మ కార్డు చేతిలోకి తీసుకుని లోపలికెళ్లింది. పావుగంట తర్వాత తెచ్చి ఇచ్చింది. తల్లి మొహాన కుంకుమ, నాలుగు అంచులకూ పసుపు. "బొట్టు లేకుండా ఆడిస్తారేటి? ఇప్పుడాడుకోండి," అంది.

ఉదయ్ కార్డు తిరగేసి చూసి తల పట్టుకున్నాడు. తడి పసుపు లామినేషన్ అంచులోంచి లోపలికి పాకి, వీపు మీద బొటనవేలంత మచ్చ కట్టింది. కట్టలో ఎక్కడున్నా ఆ కార్డు అందరికీ కనపడుతుంది. కార్డులాటలో గుర్తుపెట్టిన కార్డు కంటే పెద్ద దొంగతనం లేదు. ఆ దొంగతనం అతని కన్నతల్లి, అదీ పుణ్యానికి చేసింది. ఇంకోటి ప్రింటు తీద్దామంటే పాతదాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

"అమ్మా, కట్టలో ఎక్కడుందో తెలిసిపోతాదే. ఆట ఎలా ఆడతాం?" అన్నాడు. వారం రోజుల్లో ఆవిడ వస్తోంది. పెట్టె మీది పేరు పసుపునీళ్లలో కొట్టుకుపోవడం అతని కళ్లకు కనపడుతోంది.

"తెలిస్తే ఏటైంది?" అంది అచ్చియ్యమ్మ. "అమ్మోరు సెప్పకుండా వస్తాదేటి? ముందు సాటింపు ఏస్తారు, తర్వాత జాతర. అయినా నాకు తెలీకడుగుతాను, నీ పచ్చం ఒకసారి, ఆ టీచరు గుంట పచ్చం ఒకసారి దెబ్బలాడ్డమేటిరా అమ్మోరు? ఆ యమ్మ ఒకరి మనిషా? వొచ్చిందంటే ఊరందరికీ వస్తాది. మూడ్రోజులు అందరూ నోరు మూసుకుని పెట్టాల్సింది పెట్టీసి, అందరూ కలిసి పొలిమేర దాకా సాగనంపాలి. మీకు ఇస్కూల్లో ఇయ్యేవీ సెప్పలేదేటి?"

సంధ్యారాణి అప్పటికే పిక్కలు వరసగా పేర్చి, లెక్క చూసి, కొత్త నియమాలు చెప్పేసింది. పోలమ్మకు బలం అంకె అక్కర్లేదు, వెల అక్కర్లేదు. కట్ట పైకి పసుపు మచ్చ కనపడితే చాటింపు, తర్వాతి వంతులో ఆమె బల్ల మధ్యలోకి వస్తుంది. ఆమె ఉన్నంతసేపు ఎవరూ ఎవరి కోట మీదా చెయ్యి వెయ్యకూడదు. మూడు వంతులపాటు తలా ఒక దిమ్మ సమర్పించాలి. ఆ తర్వాత అందరూ కలిసి కట్ట అడుక్కి సాగనంపాలి.

"ఎవురి బలమూ తగ్గలేదు చూడు," అన్నాడు ఫెలిక్స్ మెచ్చుకోలుగా.

"నానూ అదే అనుకుంటన్నాను," అన్నాడు ఉదయ్. ఎవరూ కాదనలేదు. పాపం, అతనికి అప్పుడు ఏదో ఒకటి అనుకోవాల్సిన అవసరం ఉంది.

అనుకున్న ఆదివారం పొద్దున్నే రోజా ఇద్దరు స్నేహితులతో దిగింది. ఉదయ్ షేవింగు చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పినట్టే గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. వచ్చిన ఇద్దరు స్నేహితులూ చూస్తామన్నారు. రోజా, సంధ్యారాణి, ఫెలిక్స్, పరదేశి బల్ల దగ్గర కూర్చున్నారు.

మొదటి గంట ఉదయ్ జీవితంలో చాలా పొడవైన గంట. కప్ప వచ్చి తొండను కొట్టలేకపోయింది. తొండ వెళ్లి కోట గోడకు దురద పుట్టించింది. రోజా స్నేహితుల్లో ఒకాయన ఆవలించి, మర్యాద కోసం అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పోలమ్మ వచ్చినప్పుడు మాత్రం బల్లంతా కదిలింది. చాటింపు పడగానే రోజా దండు దింపే పని తొందర చేసింది, పరదేశి పిక్కలు దాచుకున్నాడు, సాగనంపేటప్పుడు ఆవలించిన ఆయన కూడా లేచి నిలబడ్డాడు. ఆమె వెళ్లగానే మళ్లీ కప్పలు, తొండలు.

అప్పుడు రోజా చేతికి ఏనుగు వచ్చింది. ఆవిడ దాన్ని చూడకుండా వేళ్ల మధ్య రుద్దింది.

"ఇదేంటండీ, ఇంత మందంగా ఉంది? కళ్లు మూసుకుని తీసినా ఏ కార్డో తెలిసిపోతుంది."

"అది బేలన్సు చేసిన కార్డండి," అన్నాడు ఉదయ్ కుర్చీలోంచి.

రోజా గోటితో మూల గీరింది. మూడు ఊడి కింద నాలుగు కనపడింది. నాలుగు కింద ఐదు, ఐదు కింద ఆరు. లామినేషన్ మీద అంటించినవి గనక ఒక్కొక్కటీ శుభ్రంగా ఊడొచ్చింది. అన్నిటి కిందా, కొత్త పెళ్లికూతురిలా మెరుస్తూ, ఏడు.

"అన్నీ పీకేద్దామా?" అంది రోజా. "ఒక్క ఆట అసలు అంకెలతో చూద్దాం."

నలుగురూ కూర్చుని పీకారు. ఉదయ్ చూస్తూ ఉండిపోయాడు. పంది మీంచి ఊడిన స్టిక్కరు చూస్తే ఏ ఆదివారమో గుర్తొచ్చింది. కొండచిలువ మీది చూస్తే ఆ రాత్రి తను అన్నం తినకుండా పడుకోవడం గుర్తొచ్చింది. ఎన్నిసార్లు ఓడాడో అతనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ఇప్పుడు బల్ల మీద తెల్లటి ముక్కల కుప్పగా అందరి ముందూ పడి ఉంది. అతనికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చొక్కా లేకుండా కాంప్లెక్సులో నిలబడ్డంత సిగ్గు.

ఆట మళ్లీ మొదలైంది. పది నిమిషాలకే సంధ్యారాణి కోట కూలింది. పోలమ్మ వచ్చి వెళ్లింది. ఫెలిక్స్ కొండచిలువ రోజా దండును సగం మింగి, పరదేశి పంది చేతిలో చచ్చింది. పరదేశి ఆట మొత్తం మీద ఒక్కసారి కూడా కన్ను మూయలేదు, అది చూసిన అచ్చియ్యమ్మ అతనికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. చివరి వంతులో రోజా ఏనుగు, పరదేశి పంది ఎదురెదురు నిలిచాయి. గెలిచిందెవరో పరదేశి కట్టలోంచి ఆఖరి కార్డు తీసి తిప్పేదాకా ఎవరికీ తెలియలేదు. అది పిడుగు, ఏనుగు వల్లకాటికి పోయింది, పంది గెలిచింది. నలభై రెండు నిమిషాలు.

రోజా వెనక్కి వాలి కూర్చుంది. "ఈ మొదటి అంకెలు ఎవరు వేశారండీ?"

"నేనేనండి," అన్నాడు ఉదయ్.

"మరి వీటి మీద స్టిక్కర్లు ఎవరు అంటించారు?"

సంధ్యారాణి పిక్కలు ఏరడంలో మునిగిపోయింది. ఫెలిక్స్ ఫ్యాను వైపు చూశాడు, వైండింగు పరీక్ష చేస్తున్నవాడిలా. అందరం కలిసే చేశామండీ అనొచ్చు, అన్నా వాళ్లు బయటపెట్టరని ఉదయ్‌కి తెలుసు.

"అదీ నేనేనండి," అన్నాడు. "ఓడిపోయిన ప్రతి సోమవారం."

రోజా నవ్వలేదు. "సరే. పోలమ్మ తల్లి కార్డుకి అమ్మగారి పేరు, ఆటకి ఆ మొదటి అంకెలు వేసినాయన పేరు వేద్దాం. ఆ సోమవారం ఆయన్ని మాత్రం ప్రెస్సు దగ్గరకి రానివ్వకండి," అని లేచింది. వాళ్ల కారు దేవరాపల్లి రోడ్డెక్కింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురూ మళ్లీ కూర్చున్నారు. ఆ ఆటలో ఉదయ్‌కి మొట్టమొదటిసారి ఏనుగు పడింది. ఏడు బలం, ఒక్క స్టిక్కరు లేదు. దింపడానికి నాలుగు దిమ్మలు కావాలి. చేతిలో ఒక్క పిక్క ఉంది, మిగతావి అప్పటికే రెండు కప్పల మీద, ఒక తొండ మీద పెట్టేశాడు. సంధ్యారాణి వచ్చి కోట కూల్చేసింది. ఏనుగు అతని చేతిలోనే ఉండిపోయింది.

"రేపు సోమారం," అంది సంధ్యారాణి. "దేన్ని తగ్గిస్తావురా?"

ఉదయ్ ఏనుగును కట్టలో కలిపి, సొరుగులో ఉన్న స్టిక్కర్ల షీటు తీసి, చింతపిక్కల డబ్బా జారకుండా దాని కింద మడిచి పెట్టాడు.

"కార్డులు పంచు," అన్నాడు.